ఇంకా ఎవరైనా రావాలా?

కెజియా కుడిచెవి పోయి అప్పటికి ఏడు నెలలు. ఏ జ్వరానికో దెబ్బకో పోలేదది. కాగితాల మీద సంతకం పెట్టి మరీ పోగొట్టుకుంది. ఇప్పుడు మిగిలిన ఎడమచెవి గురించి డాక్టరు గారు ఎక్కాలు అప్పజెప్పించే మాస్టారిలా వేలెత్తి మరీ చెబుతున్నారు.

"పద్దెనిమిది నిమిషాలు. అంతవరకైతే చెవి ఎంతో కొంత నిలబడుతుంది. ఇరవై అయిదు దాటిందా, తర్వాత ఏ మిషను పెట్టినా వినపడదు. నరమే మాడిపోతుంది. అప్పుడు వచ్చి నన్ను అడగొద్దు."

"అడగను," అంది కెజియా.

పక్కనే కూర్చున్న తల్లి దయామణి కూతురి వైపు చూడలేదు, డాక్టరు వైపూ చూడలేదు. గోడ మీది కేలండరుతో చెప్పుకుంది. "అడగదంట. ఇంతకుముందు ఎవుర్నడిగి పోగొట్టుకుందో!"

దయామణిది బాపట్ల వైపు కాలవ ఒడ్డున కొత్తరేవు అనే పల్లె. భర్త పోయాక విశాఖ వచ్చి కూతురి దగ్గరే ఉంటోంది. నలభై ఒక్కేళ్ళ కెజియా పెళ్ళి చేసుకోలేదు, శబ్దశాస్త్రంలో పెద్ద చదువులు చదివింది. చెవి గురించి అంత చదివినమ్మాయి ఉన్న చెవుల్నే పాడు చేసుకుంటుంటే, ఆ తల్లికి ఎవరితో చెప్పుకోవాలో తెలియక కేలండరుతో చెప్పుకుంటోంది.

*

యంత్రం అసలు పేరు కాగితాల మీద రెండు వరుసలు ఉంటుంది. దాన్ని నడిపే షంషాద్ మొదటి రోజునే 'సున్నపుచెవి' అనేసింది. అదే నిలిచింది.

గోడకు కొట్టిన తడి సున్నం ఒక్కసారిగా గట్టిపడదు. గాలిని కొంచెం కొంచెంగా తాగుతూ రోజుల తరబడి రాయి అవుతుంది. ఆ రోజుల్లో ఆ గదిలో ఎవరేం మాట్లాడినా ఆ అదురు సున్నంలో సన్నని గీతగా మిగిలిపోతుంది. వెలుగుసూదితో పొర తర్వాత పొర చెక్కుకుంటూ పోతే ఆ గీత మళ్ళీ శబ్దమవుతుంది. చెక్కిన పొర మాత్రం పొడైపోతుంది. ఒకసారి వింటే అంతే సంగతులు.

మొట్టమొదట భీమిలిలో పడగొడుతున్న పాత బంగళా గోడ ముక్కను విన్నారు. నూట ఇరవై ఏళ్ళ కిందటి గొంతు. ఏ మహత్తర సత్యం బయటపడుతుందో అని అందరూ ఊపిరి బిగబట్టి కూర్చుంటే, ఒకావిడ తన తోడికోడల్ని చేపల పులుసు విషయమై కడిగి పారేసింది. ప్రయోగశాల పెద్ద, ప్రొఫెసర్ నరహరి గారు ఆ రోజు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

చిక్కు వినడంలో వచ్చింది. ఆ శబ్దం నిండా రొద. కంప్యూటర్లకు ఇస్తే అవి సోదె చెప్పినట్టు, అడిగేవాడు ఏది కోరితే అదే వినిపించాయి. రొదలోంచి మనిషి గొంతును ఏరగలిగింది మనిషి మెదడొక్కటే. అందుకని చెవి లోపలి నరానికి సన్నని తీగ కలిపి, మనిషి చేత వినిపించి, విన్న మాటను విన్నట్టే నోటితో పలికించడం మొదలుపెట్టారు. అర్థం తెలియనక్కర్లేదు, తెలియకపోతేనే మంచిది. ఆ విద్య రావడానికి మూడేళ్ళ సాధన కావాలి. ముగ్గురు మొదలుపెడితే ఇద్దరు మధ్యలో మానేశారు. మిగిలింది కెజియా. తీగ పనిచేసిన ప్రతిసారీ నరం కొంచెం కొంచెం మాడుతుందన్న సంగతి పదకొండో ప్రయోగంలో ఆమె కుడిచెవి పూర్తిగా పోయాకే తెలిసింది.

పన్నెండోది అరచేయంత ముక్క. మధ్యధరా సముద్రం తూర్పు ఒడ్డున ఒక పాత రేవు పట్నంలో, కూలిన మేడ కింద దొరికిన గది గోడలోది. యేసును సిలువ వేసి ముప్పై ఏళ్ళన్నా గడవని కాలం నాటిదని తవ్వినవాళ్ళు తేల్చారు. సున్నం తడిగా ఉండగానే ఎవరో వేలితో దాని మీద తొమ్మిది పేర్లు రాశారు. కింద 'బల్ల' అని ఒక మాట. అంటే గదికి కొత్తగా సున్నం కొట్టుకుని, అది ఆరకముందే వాళ్ళక్కడ భోజనానికి కూడారన్నమాట.

"క్రిస్మస్ ఇంకో వారముందనగా మా చర్చికి సున్నం కొట్టినట్టే," అంది కెజియా ఆ ముక్కను మొదటిసారి చూసినప్పుడు.

నరహరి గారు నవ్వలేదు. ఆయనకు దేవుడంటే నమ్మకం లేదు, ప్రశ్నలంటే మాత్రం ఆకలి. "చూడండి కెజియా గారూ. సైన్యం లేదు, డబ్బు లేదు, వెనక రాజు లేడు. నాయకుణ్ణి దొంగల మధ్య వేలాడదీసి చంపేశారు. అలాంటి గుంపు పదేళ్ళలో చెల్లాచెదరు కావాలి. కాలేదు సరికదా, చంపుతామన్నా జనం వచ్చి చేరారు. ఎందుకు? ఆ గదిలో ఏదో ఒక మాట అని ఉంటారు. ఆ మాట నాకు కావాలి."

"మీరేమనుకుంటున్నారు సార్?"

"నేనా? ఆకలి అనుకుంటున్నాను. కడుపు నిండా పెట్టి ఉంటారు. మనిషి ఎక్కడైనా మనిషే కదా."

ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు. కానీ కెజియా మొహం వేడెక్కింది. గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో, కాంటీన్‌లో, ఒక క్లాస్‌మేట్ టీ తాగుతూ మాటవరసకు అన్నట్టు అన్నాడు: "మీవాళ్ళు కరువులో గంజి కోసం మతంలో కలిసినోళ్ళే కదా!" బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కెజియా కూడా నవ్వింది. నవ్వినందుకు తన మీద తనకు పుట్టిన కోపం ఇరవై రెండేళ్ళయినా చల్లారలేదు. ఆ వారం ఇంటికెళ్ళి తల్లిని నిలదీసింది. "మనం గంజి కోసమే కలిశామా?" అని. దయామణి పొయ్యి ముందు నుంచి తల కూడా ఎత్తకుండా, "ఆకలైతే గంజి తాగరా మరి?" అంది. అంతే. ఆ జవాబుతో కెజియా చర్చికి వెళ్ళడం మానేసింది.

కాబట్టి నరహరి గారికి ఆ గదిలో మాట ఎంత కావాలో, కెజియాకు అంతకన్నా ఎక్కువ కావాలి. ఒక చెవి దానికి ఎక్కువ వెల కాదా అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పలేదు. చెప్పలేని సంగతి కాబట్టే పట్టు వదల్లేదు.

*

ప్రయోగం రోజు పొద్దున్న వంటింట్లో చప్పుడు లేదు. దయామణి దోసెలు పోసేటప్పుడు పాడుతుంది, బట్టలారేసేటప్పుడు పాడుతుంది, చివరికి గ్యాసు బండ వాడితో గొడవ పడబోయే ముందు కూడా ఒక చరణం పాడుకుని వెళ్తుంది. కొత్తరేవు చర్చిలో నలభై ఏళ్ళు పాట ఎత్తుకున్న గొంతు అది. ఆ రోజు పెనం ఒక్కటే చుయ్యిమంటోంది.

కెజియా గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "అమ్మా, ఒక్క పాట పాడవా?"

"పాడను."

"ఎందుకు?"

"పాడితే పాటతోనే కడుపు నింపుకుని లేచి పోతావు. ఆకలితో ఉంటేనన్నా ఆగుతావేమో."

"పద్దెనిమిది నిమిషాలకే ఆపేస్తారమ్మా. మీట నరహరి గారి చేతిలోనే ఉంటుంది."

"ఆయన చెవి కాదుగా, ఆపుతాడు పాపం!" దయామణి దోసె తిరగేసింది. అది విరిగింది. విరిగిన దోసెను కూతురి కంచంలో వేసి, "నేనూ వస్తా. ఏం జరిగినా నా కళ్ళ ముందు జరగనీ," అంది.

ఆటోలో వెళ్తుంటే కాసేపటికి, "ఇయ్యాల మొదటి ఆదివారం. ఊళ్ళో బల్ల," అంది, కూతురితో కాదన్నట్టు.

ప్రభువు బల్ల అంటే అన్ని చర్చిల్లోనూ ఉన్నదే, రొట్టె విరిచి ద్రాక్షరసంతో పాటు అందరూ పంచుకోవడం. కొత్తరేవులో మాత్రం దానికొక పద్ధతుంది. పొలం పనులయ్యాక, పొద్దు వాలాక మొదలవుతుంది. మూడుసార్లు గంట కొడతారు. తర్వాత సంఘపెద్ద గుమ్మంలో నిలబడి పొలాల వైపు చూస్తూ, "ఇంకా ఎవరైనా రావాలా?" అని అడుగుతాడు. లోపల ఎవరైనా "ఫలానావాళ్ళు రావాలి" అన్నారా, ఇక అంతే. ఆ మనిషి వచ్చేదాకా రొట్టె మీద గుడ్డ తియ్యరు. పాట ఉండదు, ప్రార్థన ఉండదు, పిలుచుకురావడానికీ ఎవరూ లేవరు, ఉట్టినే కూర్చుంటారు. పట్నం నుంచి వచ్చిన కుర్ర పాస్టర్లు ఇదెక్కడి చాదస్తమని మార్పించబోయి, మార్చలేక బదిలీ చేయించుకుని పోయారు. కెజియా నాన్న పదహారేళ్ళు ఆ గుమ్మంలో నిలబడి ఆ ప్రశ్న అడిగాడు. ఒకసారి చినబ్బాయి అనే ఆయన కల్లుపాకలో ఇరుక్కుపోతే గంటంబావు ఆగారు. ఎనిమిదేళ్ళ కెజియా ఆకలికి ఏడ్చి, తాగుబోతు కోసం ఆగడమేంటని తిట్టుకుంది. తూలుతూ వచ్చినవాణ్ణి ఎవరూ ఒక్క మాట అనలేదు. పక్కకు జరిగి చోటిచ్చారు.

ఆ పద్ధతి ఎందుకు వచ్చిందో కెజియా ఎన్నడూ అడగలేదు.

*

గదిలో గాజు గోడకు అటువైపు నరహరి గారు, షంషాద్, ఒక కుర్చీలో దయామణి. ఇటువైపు కెజియా ఒక్కతే. తీగ తగిలించాక ఎడమచెవికి ఈ లోకం వినపడదు కాబట్టి సైగలు పెట్టుకున్నారు. అరచేయి చాపితే కానివ్వమని, పిడికిలి బిగిస్తే ఆపమని. నరహరి గారు చెప్పాల్సింది పలక మీద రాసి చూపిస్తారు. ముక్కలో మొత్తం నలభై నిమిషాల శబ్దముంది. మధ్యలో ఆపితే సూది ఆగిన చోట అంచు రాలి, అక్కడి పది నిమిషాల దాకా పోతుంది. మిగిలింది దాచుకోవచ్చు.

"మేడమ్, మొదలుపెడుతున్నా," అని షంషాద్ పెదాలు కదిలాయి.

మొదట గాలివాన లాంటి రొద. కెజియా కళ్ళు మూసుకుంది. రెండో నిమిషంలో రొద కింద కర్ర నేల మీద ఈడ్చిన చప్పుడు. ఎవరో దగ్గారు. పసిపిల్ల గొణుగుడు. దాదాపు రెండువేల యేళ్ళ కిందటి దగ్గు అది.

నాలుగో నిమిషంలో గొంతు వచ్చింది. ముసలాయన గొంతు, కొంచెం బొంగురు. కెజియా నోరు దాని వెంట నడిచింది. ఆమెకు తెలియని భాష ఆమె నాలుక మీద రాళ్ళలా దొర్లింది. గాజు గోడ అవతల ఎర్రదీపం వెలిగి రికార్డు మొదలైంది. ముసలాయన మాట చివర్లో పైకి లేచింది. ప్రశ్న. ఒకావిడ జవాబు చెప్పింది, అందులో 'ఎల్పిస్' అనే ముక్క వినపడింది. ఇంకో మగగొంతు విసుగ్గా ఏదో అంది. మళ్ళీ 'ఎల్పిస్'. పిల్ల ఏడ్చింది. ముసలాయన ఒకే ఒక్క మాట అన్నాడు, మెల్లగా.

తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

పది నిమిషాలు. పదకొండు. కెజియా నోరు ఆగిపోయింది. ఎర్రదీపం ఆరింది. పలకడానికి మాట లేదు కాబట్టి అవతలివాళ్ళకు ఏమీ లేదు. కానీ ఆమెకు ఉంది. పది పన్నెండు మంది ఊపిరి. ఎవరిదో కడుపు మూలిగింది. గిన్నె మీద మూత కొంచెం తొలిగి మళ్ళీ పడింది, ఎవరో చెయ్యి వెనక్కి లాగినట్టు. పిల్ల ఏదో అడిగితే "ష్" అన్నారు.

కళ్ళు తెరిచింది. నరహరి గారు పలక ఎత్తారు. 'ఖాళీ. సున్నం పాడైనట్టుంది. ఆపేద్దాం. మీ చెవి మిగుల్తుంది.'

పదమూడు నిమిషాలు. ఆయన చెప్పింది సబబే. రికార్డులో ఏమీ లేదు. ఇప్పుడు పిడికిలి బిగిస్తే సాయంత్రం అమ్మ పాట వినొచ్చు, జీవితమంతా వినొచ్చు. కెజియా చెయ్యి ఒళ్ళోంచి లేవబోయింది. అప్పుడు తెలిసింది ఆమెకు. ఇలాంటి నిశ్శబ్దం తనకు తెలుసు. ఆ పెద్దాయన మాట చివర పైకి లేవడం తెలుసు. ఆ విసుక్కున్నవాడు తెలుసు, చెయ్యి వెనక్కి లాక్కున్నవాళ్ళు తెలుసు. ఆకలికి ఏడ్చిన పిల్ల తనే.

"సార్, ఇది ఖాళీ కాదు," అంది. తన గొంతు తనకే వినపడలేదు. "వాళ్ళు ఆగారు. ఎవరో రావాలి."

నరహరి గారు పలక తుడుచుకున్నారు. పలక మీద గబగబా రాశారు. 'ఎలా తెలుసు?'

"మా ఊళ్ళో ఇలాగే ఉంటుంది."

పదిహేడు. ఆయన వేలు మీట మీద ఉంది. ఇప్పుడు ఆపితే అంచు రాలి, ఆ పది నిమిషాల్లో సరిగ్గా ఆ వచ్చే మనిషే పోవచ్చు. ఆ మనిషి ఎవరో ఇక ఎవరికీ తెలియదు. పద్దెనిమిది. కెజియా అరచేయి చాపింది. చాపిన చెయ్యి దించలేదు. నరహరి గారు తల అడ్డంగా ఊపారు, షంషాద్ ఆయన మణికట్టు పట్టుకుని ఏదో అంటోంది, ఆపమంటోందో వద్దంటోందో తెలియలేదు.

కెజియా తల్లి వైపు చూసింది.

దయామణి లేచి నిలబడి ఉంది. చేతులు గాజుకు ఆనించి, కూతుర్ని లోపల్నుంచి లాక్కునేటట్టుగా చూస్తోంది. ఆమె చదువుకున్నది ఐదో తరగతి. ప్రయోగం గురించి ఏమీ తెలియదు. కానీ కూతురు అన్న ఆఖరి మాట స్పీకరులో వినపడింది. 'ఎవరో రావాలి.' కొత్తరేవులో పుట్టినవాళ్ళెవరూ ఆ మాట విన్నాక లేచి నిలబడరు. దయామణి కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. మెల్లగా వెనక్కి నడిచి కుర్చీలో కూర్చుంది. కొంగు తల మీదికి లాక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

నరహరి గారు ఆ ముసలావిడను చూసి మీట మీద నుంచి వేలు తీశారు.

ఇరవై రెండు. చెవిలో నిప్పు కణిక పెట్టినట్టు మంట మొదలైంది. రొద పెరిగి గది దూరమవుతోంది. ఇరవై అయిదు. ఇక వెనక్కి రావడం లేదు. కెజియా పళ్ళు బిగించింది. భయమేసింది, చాలా భయమేసింది. ఎవరూ రాకపోతే? సున్నం ఆరే లోపల ఆ మనిషి రాకపోయి ఉంటే? గిన్నె మూత మళ్ళీ ఒకసారి కదిలింది, మళ్ళీ పడింది. వాళ్ళు ఇంకా ఆగే ఉన్నారు. ఇరవై ఏడు.

ఇరవై ఎనిమిదో నిమిషంలో తలుపు కిర్రుమంది.

పరిగెత్తి వచ్చిన రొప్పు. ఉత్త పాదాలు. ముసలాయన "ఎల్పిస్" అన్నాడు, ఈసారి ప్రశ్న లేదు. ఆ వచ్చిన పిల్ల, గొంతును బట్టి పిల్లే, రెండు మాటలు అంది. నమ్మలేనట్టు అంది. గదంతా నవ్వారు. ఎవరో నీళ్ళు వంచారు. కెజియా నోరు ఆ రెండు మాటలను పట్టుకుంది, పలికింది. వెనకాల ఎండిన రొట్టె విరిగిన చప్పుడు సన్నగా వచ్చి, మంటలో కలిసిపోయింది.

ఆమె పిడికిలి బిగించింది. గాజు తలుపు తోసుకుని అందరూ లోపలికి పరిగెత్తుకొచ్చారు. దయామణి నోరు తెరిచి ఏదో అరుస్తోంది. ఆ అరుపుకు శబ్దం లేదు.

*

మూడు వారాలకు తర్జుమా వచ్చింది. ప్రాచీన గ్రీకు తెలిసిన పండితురాలొకామె పంపించింది. నరహరి గారు దాన్ని స్వయంగా ఇంటికి తెచ్చారు. గడ్డం పెరిగింది. కెజియా చేతిలో కాగితం పెట్టి, ఎదురుగా కూర్చుని నేల చూపులు చూశారు.

కాగితం మీద ఎక్కువేం లేదు.

'ఇంకా ఎవరు రావాలి?'

'ఎల్పిస్ రావాలి. యజమాని ఇంట్లో పని ఇంకా తెమిలినట్టు లేదు.'

'ఆమె బానిస. వాళ్ళు ఎప్పుడు వదులుతారో ఏమో. ఎల్పిస్‌కు ఒక ముక్క తీసి ఉంచి మనం మొదలుపెడదాం.'

'ఆగుదాం.'

తర్వాత పంతొమ్మిది నిమిషాలు. ఆ తర్వాత, 'ఎల్పిస్.' ఆ తర్వాత ఆమె అన్న రెండు మాటలు: 'నా కోసమా?'

కెజియా రెండోసారి చదివింది. మూడోసారి అక్షరాలు కనపడలేదు.

నరహరి గారు నోటుబుక్కులో రాసి చూపించారు. 'ఒక గది, ఒక సాయంత్రం. దీన్ని పట్టుకుని మతం ఎందుకు నిలిచిందో చెప్పలేం. ఏ అద్భుతం గురించీ ఒక్క మాట లేదు. నేను అనుకున్న ఆకలి కూడా కాదు. ఆకలైతే ముందే తినేసేవాళ్ళు.' దాని కింద మళ్ళీ రాశారు. 'మిగిలిన ముక్క తాళం వేసి పెట్టేశాను. ఇంకో మనిషికి తీగ కలపను. నన్ను క్షమించండి.'

"మీరు ఆపబోయారు సార్. నేనే వద్దన్నాను," అంది కెజియా. ఎంత గట్టిగా అన్నదో ఆమెకు తెలియదు. పక్క ఫ్లాటు వాళ్ళకు కూడా వినపడింది.

ఆయన వెళ్ళాక దయామణి ఆ కాగితాన్ని వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. తర్వాత కూతురి నోటుబుక్కు లాక్కుని, ఐదో తరగతి అక్షరాలతో, చెమటలు కక్కుతూ రాసింది.

'మా అమ్మమ్మ వాళ్ళమ్మ రూతమ్మ. ధాత సంవత్సరం పెద్ద కరువు పోయినాక మతంలో కలిసింది. ఆదివారం పొద్దుగూకేదాకా దొర కొట్టంలో పేడ ఎత్తించేవాడు, బల్లకు పోకుండా. అప్పుడు మన చర్చి తాటాకు పాక. ఉన్నది తొమ్మండుగురు. దీపంలో చమురు అయిపోయేదాకా ఆమె కోసం ఆగారంట. అందరూ గంజి కోసం కలిశారంటే రూతమ్మ నవ్వేదంట. గంజి చాలామంది పోశారే, నా కోసం ఆగినోళ్ళెవరు, అనేదంట.'

ఇరవై రెండేళ్ళు. రెండు చెవులు. సముద్రాలు దాటి తెచ్చిన సున్నపు ముక్క. జవాబు వంటింట్లోనే దోసెలు పోస్తూ ఉంది.

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే అమ్మా!" అని అరిచింది. కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి.

దయామణి పెన్ను కింద పెట్టేసింది. రాయాల్సిన అవసరం లేకుండా, పెదాలు విప్పి స్పష్టంగా, ఒక్కో మాటే పలికింది. కెజియా చెవితో విన్నంత బాగా ఆ మాటలు చదువుకుంది.

"నువ్వడిగావా? గంజి గురించే అడిగావు."

*

మరుసటి నెల మొదటి ఆదివారం ఇద్దరూ కొత్తరేవు వెళ్ళారు. చూడాలి, రాసుకోవాలి అంటూ నరహరి గారు కూడా బయల్దేరారు. దయామణి మధ్యాహ్నమే చర్చి ఊడ్చి, రొట్టె మీద కప్పే గుడ్డ ఇస్త్రీ చేయించడానికి పోయింది. కెజియా కాలవగట్టున కూర్చుంది. ఇరవై రెండేళ్ళ తర్వాత ఆ లోపలికి వెళ్ళాలంటే కాళ్ళు రాలేదు. గంట కొట్టినప్పుడు చూద్దాంలే అనుకుంది. చిన్నప్పుడు కాలవలో ఈదుతున్నా గంట వినగానే పరిగెత్తేవాళ్ళు. గుర్రపుడెక్క కొట్టుకుపోతోంది. కొంగలు ఎగిరాయి. పడవ మీద ఎవరో వల దులుపుకుంటున్నారు. నీళ్ళు ఎర్రబడి, నల్లబడ్డాయి.

అప్పుడు తట్టింది ఆమెకు. గంట ఎప్పుడో కొట్టి ఉంటారు. మూడూ కొట్టి ఉంటారు. తనకెలా వినపడుతుంది?

సిగ్గుతో మొహం మండిపోయింది. తొమ్మిదేళ్ళ పిల్లలా గట్టు మీద పరిగెత్తింది. అంతా అయిపోయి ఉంటుంది, జనం బయటికి వస్తుంటారు, అమ్మ తిడుతుంది, తిట్టినా వినపడదు.

చర్చి ముందు ఎవరూ లేరు. గుమ్మంలో సంఘపెద్ద నిలబడి, చీకటి పడుతున్న పొలాల వైపు చూస్తున్నాడు. కెజియాను చూసి, ఏమీ అనకుండా పక్కకు తప్పుకున్నాడు. లోపల నూటికి పైగా మనుషులు. బల్ల మీద రొట్టె, దాని మీద తెల్లగుడ్డ, మడత చెదరలేదు. ఒక పసిపిల్ల నోరంతా తెరిచి ఏడుస్తోంది. ముసలివాళ్ళు మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. అందరి మొహాలూ ఆమె వైపే ఉన్నాయి, ఒక్క మొహంలోనూ విసుగు లేదు. ఒకరిద్దరిలో ఉంది, నిజం చెప్పాలంటే, వాళ్ళు కూడా కదల్లేదు.

చివరి బెంచీలో నరహరి గారు కూర్చుని ఉన్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. ఆమె పక్కనుంచి వెళ్తుంటే ఒళ్ళోని నోటుబుక్కు తిప్పి చూపించారు. 'యాభై రెండు నిమిషాలు. ఒక్కరూ లేవలేదు.'

"నా కోసమా?" అంది కెజియా.

పైకే అన్నానని ఆమెకు తెలియదు. జనం నవ్వారు. నవ్వడం కనపడింది.

దయామణి పక్కకు జరిగి చోటిచ్చింది. సంఘపెద్ద వచ్చి గుడ్డ తీశాడు. దయామణి కూతురి అరచేయి తీసుకుని, తన గొంతు మీద గట్టిగా అదిమి పెట్టుకుని, పాట ఎత్తుకుంది.